మెదడు కణితి నిర్ధారణ: స్కానింగ్ పద్ధతుల ఎంపికలో ప్రశ్నల క్రమం

వ్యాససంగ్రహం: మెదడులో కణితి ఉందన్న అనుమానం కలిగినప్పుడు ఏ స్కానింగ్ అవసరమన్నది యంత్రం ఖరీదును బట్టి కాక, ఆ దశలో వైద్యుడు సమాధానం వెతుకుతున్న ప్రశ్నను బట్టి నిర్ణయం కావాలి. సి.టి., ఎం.ఆర్.ఐ., పెట్ పద్ధతుల పనితీరును, పరిమితులను ఆ ప్రశ్నల క్రమంలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మెదడు కణితి, సి.టి., ఎం.ఆర్.ఐ., పెట్, క్షయగడ్డ, గ్లయోమా, చిలకలూరిపేట.

1. ప్రవేశిక:
చిలకలూరిపేట పల్నాడు జిల్లాలో 16వ నంబరు జాతీయ రహదారిపై ఉన్న పట్టణం. మెదడు శస్త్రచికిత్స నిపుణుల కోసం ఇక్కడివారు చేరుకోగల పెద్ద కేంద్రం సుమారు 40 కి.మీ. దూరంలోని గుంటూరు. రోజురోజుకూ తీవ్రమవుతున్న తలనొప్పి, ఉదయపు వాంతులు, పెద్దవయసులో తొలిసారి వచ్చిన మూర్ఛ, ఒకవైపు కాలుచేతుల బలహీనత వంటి లక్షణాలున్న రోగికి పరీక్షల వరుస తప్పితే డబ్బుతోపాటు విలువైన కాలం కూడా నష్టమవుతుంది.

2. తక్షణ ప్రాణాపాయం ఉందా?
ఈ ప్రశ్నకు త్వరగా సమాధానమిచ్చేది సి.టి. 1971 అక్టోబరు 1న లండన్‌లో హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన యంత్రంతో తొలిసారి పరీక్షించినది, మెదడులో కణితి ఉందని అనుమానించిన ఒక రోగినే. కొద్ది నిమిషాల్లోనే రక్తస్రావం, మెదడులో నీరు చేరడం, కణితి ఒత్తిడికి మెదడు పక్కకు జరగడం ఇందులో తెలుస్తాయి. సున్నపు నిల్వలు, ఎముక మార్పులు కూడా స్పష్టంగా కనిపిస్తాయి. అయితే చిన్న కణితులు, ముఖ్యంగా దట్టమైన ఎముకల నడుమ ఉండే అనుమస్తిష్క ప్రాంతంలోనివి, దీనికి చిక్కకపోవచ్చు. కనుక లక్షణాలు కొనసాగుతున్నప్పుడు సి.టి. మామూలుగా ఉన్నంత మాత్రాన కణితి లేదని నిర్ధారించరాదు.

3. కణితి ఎక్కడ, ఎంతమేర ఉంది?
దీనికి ప్రధాన సాధనం ఎం.ఆర్.ఐ. ఇది ఎక్స్-కిరణాలను వాడదు. అయస్కాంత క్షేత్రంలో శరీరంలోని హైడ్రోజన్ కేంద్రకాలు ఇచ్చే సంకేతాలను చిత్రాలుగా మలుస్తుంది. గాడోలినియం మందు ఎక్కించినప్పుడు, రక్తానికీ మెదడుకూ నడుమ ఉండే రక్షక అవరోధం దెబ్బతిన్న చోట కణితి మెరుస్తుంది. నెమ్మదిగా పెరిగే గ్లయోమాలు చాలాసార్లు అలా మెరవవు. అందుకే టి2, ఫ్లెయిర్ చిత్రాలనూ పరిశీలించాలి. పేస్‌మేకర్, లోహపు క్లిప్పులు ఉన్నవారి విషయంలో ముందుగా భద్రతను నిర్ధారించుకోవాలి. తీవ్రమైన మూత్రపిండాల జబ్బు ఉంటే గాడోలినియం వాడకంలో జాగ్రత్త అవసరం.

4. అది నిజంగా కణితేనా?
మన దేశంలో ఈ ప్రశ్న అత్యంత కీలకం. ఉంగరంలా మెరిసే మచ్చ క్యాన్సర్ కణితి కావచ్చు. క్షయగడ్డ, బద్దెపురుగు తిత్తి, చీముగడ్డ కూడా కావచ్చు. మొదటి దానికి శస్త్రచికిత్స అవసరమైతే, క్షయగడ్డ చాలావరకు మందులతోనే తగ్గుతుంది. డిఫ్యూజన్ చిత్రాల్లో చీము ఉన్న మధ్యభాగం సాధారణంగా తెల్లగా మెరుస్తుంది. కుళ్లిన కణితి మధ్యభాగం ఎక్కువగా అలా కనిపించదు. రసాయనాల పాళ్లను చూపే స్పెక్ట్రోస్కోపీలో గ్లయోమాకు కోలిన్ పెరుగుదల, క్షయగడ్డకు కొవ్వు పదార్థాల సంకేతం ఆధారాలవుతాయి. వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా తుదితీర్పు కాదు.

5. ఎంతవరకు తొలగించవచ్చు?
2020 నవంబరులో గుంటూరులో ఒక రోగిని మెలకువగా ఉంచి, సినిమా చూపిస్తూ, ఎడమ ప్రీమోటార్ ప్రాంతంలోని గ్లయోమాను తొలగించిన ఉదంతం వార్తల్లోకి వచ్చింది. మాట, కదలికలకు సంబంధించిన ప్రాంతాల దగ్గర కణితి ఉన్నప్పుడు ఆ కేంద్రాలను గుర్తించే ఫంక్షనల్ ఎం.ఆర్.ఐ., నాడీతంతువుల దారులను చూపే ట్రాక్టోగ్రఫీ శస్త్రవైద్యునికి ముందస్తు పటంలా ఉపకరిస్తాయి. కణితి ఉందో లేదో తేల్చడానికి మాత్రం ఇవి అవసరం లేదు.

6. చికిత్స తర్వాత మిగిలినదేమిటి?
రేడియేషన్ అనంతరం కనిపించే మచ్చ తిరిగివచ్చిన కణితి కావచ్చు, చికిత్స వల్ల మృతిచెందిన కణజాలం కావచ్చు. రక్తప్రసరణను కొలిచే పెర్ఫ్యూజన్ ఎం.ఆర్.ఐ., పెట్ ఇక్కడ తోడ్పడతాయి. ఆరోగ్యవంతమైన మెదడు సైతం గ్లూకోజును విరివిగా వాడుకుంటుంది కనుక, గ్లూకోజు ఆధారిత పెట్‌లో కణితి చుట్టుపక్కల కణజాలంలో కలిసిపోయే అవకాశముంది. ఈ విషయంలో అమైనో ఆమ్లాల ఆధారిత పెట్ మెరుగు.

7. ముగింపు:
అత్యవసరంలో సి.టి., నిర్ధారణకు గాడోలినియంతో కూడిన ఎం.ఆర్.ఐ., సందేహం మిగిలినప్పుడే ప్రత్యేక పద్ధతులు అన్నది హేతుబద్ధమైన క్రమం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 వర్గీకరణ ప్రకారం అనేక కణితుల రకాన్ని తేల్చడానికి కణజాల పరీక్షతోపాటు జన్యుమార్పుల పరీక్ష కూడా కావాలి. స్కానింగ్ వాటికి దారి చూపుతుందే తప్ప ప్రత్యామ్నాయం కాదు. చిన్న పట్టణం నుంచి పెద్దాసుపత్రికి వెళ్లే రోగి రిపోర్టుతోపాటు పూర్తి చిత్రాలున్న సి.డి.ని కూడా వెంట తీసుకెళ్లాలి. పాత చిత్రాలతో పోల్చి చూసే వీలుంటే అదే పరీక్షను మళ్లీ చేయించవలసిన అవసరం చాలాసార్లు తప్పుతుంది. కణితి పెరుగుదల వేగమూ తెలుస్తుంది.