బ్రిటిష్ హోండురాస్ ఏమైంది?

మీ బడిలో 1973కు ముందు అచ్చయిన అట్లాసు ఉంటే మధ్య అమెరికా పటం తీయండి. గ్వాటెమాలాకు తూర్పున, సముద్రపు టొడ్డున ఒక చిన్న ముక్క మీద ‘బ్రిటిష్ హోండురాస్’ అని ఉంటుంది. కొత్త పటంలో అదే చోట ‘బెలీజ్’ అని ఉంటుంది. (అఖాతానికి ఆవల ఉన్న హోండురాస్ వేరే దేశం. పరీక్షల్లో పొరబడేది ఇక్కడే!)

చుట్టూ స్పెయిన్ ఏలుబడి ఉండగా ఇంగ్లీషువాళ్ళకు ఈ ముక్క ఎలా దక్కింది? బంగారం కోసమైతే కాదు, ఒక చెట్టు కోసం.

ఆ చెట్టు లాగ్‌వుడ్. మన చింత, తుమ్మ చెట్లకు చుట్టమే. చిత్తడి నేలల్లో వంకరటింకరగా, ముళ్ళతో పెరుగుతుంది. బెరడూ, తెల్లకర్రా చెక్కేస్తే లోపల ఎర్రని చేవ ఉంటుంది. అందులో ఉన్న పదార్థమే హెమటాక్సిలిన్. దానికి సొంతంగా రంగు లేదనే చెప్పాలి. గాలిలోని ఆక్సిజన్ తగిలి హెమటీన్‌గా మారితేనే రంగు తేలుతుంది. అయితే ఒంటరిగా గుడ్డకు పట్టదు, వెలిసిపోతుంది. అందుకే 1581లో ఇంగ్లండు దాన్ని చట్టం చేసి నిషేధించింది! పటిక కలిపితే ఊదా, ఇనుప లవణం కలిపితే నలుపు నిలుస్తాయి. ఈ కిటుకు అద్దకంవాళ్ళ చేతికి చిక్కాక 17వ శతాబ్దంలో నిషేధం పోయింది, గిరాకీ పెరిగింది.

అంతవరకు స్పెయిన్ ఓడలను దోచుకున్న ఇంగ్లీషు ఓడదొంగలు దోపిడీకన్నా నరుకుడే లాభమని గొడ్డళ్ళు పట్టారు. 1763 పారిస్ సంధిలో స్పెయిన్ లాగ్‌వుడ్ నరుక్కోనిచ్చింది, నేలను మాత్రం ఇవ్వలేదు. 1786లో మహాగనికీ ఒప్పుకుంది. నిజానికి గొడ్డలి ఎత్తినవాళ్ళు ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు. లాభం తిన్నవాళ్ళు దొరలు. ఆ బానిసత్వం 1838తో ముగిసింది. 1862లో బ్రిటన్ ఆ నేలను అధికారికంగా తన వలస రాజ్యం చేసుకుంది. 1973 జూన్ 1న పేరు బెలీజ్ అయింది. 1981 సెప్టెంబరు 21న స్వాతంత్ర్యం వచ్చింది. ఆ దేశపు జెండా చూడండి: మహాగని చెట్టు, దానికి చెరో పక్కన ఒక మనిషి, ఒకరి భుజాన గొడ్డలి.

1856లో పెర్కిన్ కృత్రిమ రంగు కనుగొన్నాడు. ఆ తరువాత వచ్చిన రసాయన రంగుల ముందు లాగ్‌వుడ్ క్రమంగా వెనకబడింది. కాని ప్రయోగశాలలో దాని చోటు పోలేదు. మీ జీవశాస్త్ర పుస్తకంలో జంతు కణజాలం ఫోటో ఉంటే, అందులో కేంద్రకం నీలం ఊదాగా ఉందా? ఆ రంగు బహుశా ఈ చెట్టుదే. పటికలోని అల్యూమినియంతో కూడిన హెమటీన్‌కు ధనావేశం ఉంటుంది, కేంద్రకంలోని డీఎన్ఏకు రుణావేశం. అందుకే రెండూ అతుక్కుంటాయి. మిగతా కణాన్ని ఇయోసిన్ అనే రంగు గులాబీగా చేస్తుంది.

గడ్డ నుంచి కోసి తీసిన ముక్కలో క్యాన్సరు ఉందో లేదో తేల్చడానికి ఆసుపత్రులలో నేటికీ మామూలుగా ముందు వేసేది ఈ జంట రంగులే. పరీక్ష చీటీ మీద ‘హెచ్ అండ్ ఈ’ అని కనిపిస్తే, ఆ హెచ్ లాగ్‌వుడ్ చేవలోని హెమటాక్సిలినే.