దొరల వాద్యము, పాలకొల్లు బాలుడు

గోదావరిఖనిలో నొక పెండ్లి ఊరేగింపు పోవుచుండెను. బ్యాండుమేళమువారు క్లారినెట్టును, సాక్సోఫోనును మ్రోగించుచుండిరి. అరుగుమీద గూర్చున్న యొక పెద్దమనిషి నన్ను బిలిచి, "ఏమయ్యా, ఈ దొరల వాద్యములలో త్యాగయ్యగారి కీర్తన పలుకునా?" అని యడిగెను. అప్పుడు సరియైన సమాధానము చెప్పలేకపోతిని. ఈ ప్రసంగము నేనాయనకు బాకీపడిన జవాబు.

సాక్సోఫోనును బెల్జియము దేశస్థుడగు ఆడాల్ఫు సాక్సు కల్పించి, 1846లో పారిసునందు దానిపై హక్కు పొందెను. సైనికుల బ్యాండ్లలో బుట్టి పెరిగిన యా వాద్యమును అమెరికాలోని నీగ్రో గాయకులు జాజు సంగీతమునకు ప్రాణముగా జేసికొనిరి. జాజునందు వాయించువాడు ఒక వరుసను బట్టుకొని, అప్పటికప్పుడు క్రొత్త సంగతులు కల్పించుచు బోవును. మన మనోధర్మమునకు అది దూరపు చుట్టమనవచ్చును. మంగళూరు ప్రాంతమున నాగస్వర విద్వాంసుని కుమారుడగు కద్రి గోపాలనాథుడు మైసూరు రాజభవనపు బ్యాండులో సాక్సోఫోనును విని, పెక్కేండ్లు శ్రమించి, దానిని కర్ణాటక సంగీతమునకు లొంగదీసెను. 1980లో బొంబాయి జాజు ఉత్సవమున పాల్గొనెను.

అయితే మన తెలుగువారిలో ఇట్టి సాహసికుడు లేడా? కలడు. ఆయన వాద్యము గాలిది కాదు, తంత్రిది. పశ్చిమగోదావరి జిల్లా పాలకొల్లున 1969 ఫిబ్రవరి 28వ తేదీని జన్మించిన ఉప్పలపు శ్రీనివాసు అయిదేండ్ల ప్రాయమున తండ్రి సత్యనారాయణగారి మాండొలినును చేతబట్టెను. బిడ్డని కోపించి లాగికొనక, తండ్రి వానికి వేఱొక మాండొలిను కొని యిచ్చి, తానే పాఠము మొదలిడెను. వాసూరావను గిటారు వాద్యకుడు పాశ్చాత్య సంగీతపు రుచి చూపెను. పిమ్మట తండ్రికి గురువైన రుద్రరాజు సుబ్బరాజుగారు పిల్లవానిని చేరదీసిరి. ఆయన చెంబై వైద్యనాథ భాగవతుల శిష్యులు.

ఇందొక చమత్కారము గలదు. సుబ్బరాజుగారికి మాండొలిను వాయించుట రాదు. ఆయన పాడుదురు, బాలుడు విని వాయించును. ఏ స్వరమున కే వ్రేలో చెప్పువారు లేరు. ఇది లోపమని కొందఱందురేమో గాని, నా మట్టుకు అదియే వాని భాగ్యమని తోచును. వ్రేళ్లు పుస్తకమును గాక గొంతును అనుసరించినవి.

ఇక చిక్కేమన, మాండొలిను ఇటలీ దేశపుది. దానికి ఎనిమిది తంత్రులు, రెండేసి జోడుగా నుండును. మీటిన నాదము క్షణములో నారిపోవును. మన గమకమునకు తంత్రిని లాగవలెను, లేక వ్రేలిని మెట్టునుండి మెట్టునకు జార్చవలెను. జోడుతంత్రులను రెంటిని సమముగా లాగుట దుష్కరము. నాదము నిలువనిదే జారుట వినబడదు. శ్రీనివాసు విద్యుత్తుతో పనిచేయు మాండొలినును దీసికొని, జోళ్లను మాని, అయిదు ఒంటితంత్రులను బిగించెను. చిక్కు విడిపోయెను.

1978లో గుడివాడ త్యాగరాజారాధనలో తొలి కచేరి జరిగెను. 1981లో మద్రాసు వినెను. ఈ వాద్యమునకు శాస్త్రీయ సభలో పీట యెక్కడిదని గొణిగినవారు లేకపోలేదు. ఫిడేలు మాత్రము మన తాతలనాటిదా? బాలుస్వామి దీక్షితులు చేపట్టువఱకు అదియు దొరలదే! 1983లో, పదునాల్గేండ్లకే, బెర్లిను జాజు ఉత్సవమున వాయించెను. 1994లో ఇంగ్లండులోని రియల్ వరల్డు సంస్థ ఆయన "రామ శ్రీరామ"ను, మఱుసటి యేడు కెనడా గిటారు వాద్యకుడు మైకేల్ బ్రూకుతో గూడిన "డ్రీమ్"ను వెలువరించెను. రెండవది లోకమునకు నచ్చినది. నాకు మొదటిదే రుచి. 1998లో పద్మశ్రీ లభించెను. 2014 సెప్టెంబరు 19వ తేదీని, నలువదియైదేండ్లకే, చెన్నపట్టణమున పరమపదించెను. తమ్ముడు రాజేశు అదే వాద్యమును వాయించుచున్నాడు.

మొన్న నొక ధ్వనిముద్రణమును గొనిపోయి ఆ పెద్దమనిషికి వినిపించితిని. పేరు చెప్పలేదు. ఆయన కన్నులు మూసికొని కొంతసేపు విని, "వీణ కాబోలు, కొంచెము వడి యెక్కువ" అనెను. సంగతి చెప్పగా నవ్వి, "సరే, మఱి బాకా మాటో?" అని యడిగెను. వచ్చే ఆదివారము గోపాలనాథుని సాక్సోఫోనుతో రమ్మని నాకాజ్ఞయైనది.