గళ్ల గుడ్డకు గుడిలో దీవెన

మీ ఇంట్లో పాత ట్రంకు పెట్టె అడుగున ఒక్క బట్టయినా ఉండే ఉంటుంది. అమ్మ పెళ్లి చీర ముక్కో, తాతగారి ఖద్దరు ఉత్తరీయమో! కట్టుకోవడానికి పనికిరాదు, పారెయ్యడానికి చేయి రాదు. ఏడాదికోసారి ఎండలో ఆరేసి, కలరా ఉండలు మార్చి, మళ్లీ మడతపెట్టి దాచేస్తాం. అలాంటి గుడ్డముక్కను భద్రంగా చర్చికి తీసుకెళ్లి, తమ వంశం పేరు పిలవగానే లేచి నిలబడి, దానికి దీవెన ఇప్పించుకునే వాళ్లు కూడా ఉన్నారంటే నమ్ముతారా? స్కాట్లాండ్ మూలాలున్న అమెరికా వాళ్లు ఈ పనే చేస్తున్నారు. దీన్ని ‘కిర్కిన్ ఓ ద టార్టాన్’ అంటారు.

మా చెల్లెలు అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని షార్లెట్ ఊళ్లో ఉంటోంది. దాని రెండో కానుపుకి అమ్మ ప్రయాణం చెయ్యలేకపోతే నేను వెళ్లాను. పక్కింట్లో డెబ్బై దాటిన పెద్దావిడ ఉంది. బాలింతకి పథ్యం వండే నా వంటింట్లోకి వాసన పట్టుకుని వచ్చి పరిచయం చేసుకుంది. అక్టోబరు చివరి ఆదివారం ‘మా చర్చిలో మా వాళ్ల పండగ, నువ్వూ రా’ అని పిలిచింది. చెల్లెలి పెద్దపిల్లను వెంటబెట్టుకుని వెళ్లాను.

గళ్లలో ఇంటిపేరు

టార్టాన్ అంటే రంగురంగుల గళ్ల ఉన్ని బట్ట. అడ్డంగానూ నిలువుగానూ ఒకే వరసలో రంగు దారాలు వేసి నేస్తారు. స్కాట్లాండ్ మగవాళ్లు మోకాళ్ల దాకా కట్టుకునే ‘కిల్ట్’ ఈ బట్టతో కుట్టిందే. ‘క్లాన్’ అంటే మన వంశం లాంటిది. గేలిక్ భాషలో ఆ మాటకు ‘పిల్లలు’ అని అర్థం. మెక్‌డోనాల్డ్, కాంప్‌బెల్, మెకంజీ... ఒక్కో క్లాన్‌కు ఒక్కో గళ్ల వరస. బట్ట చూసి ఇంటిపేరు చెప్పెయ్యొచ్చన్నమాట!

‘కర్క్’ అంటే స్కాట్‌ల మాటలో చర్చి. ‘కిర్కింగ్’ అంటే చర్చికి తీసుకెళ్లడం. పెళ్లయిన కొత్త కోడలు మొదటిసారి చర్చికి వెళ్లినా, పురిటి తర్వాత తల్లి మొదటిసారి వెళ్లినా స్కాట్లాండ్‌లో ఆ మాటే వాడేవారు. పురుడు వెళ్లాక మనం గుడికి వెళ్లినట్టే కదూ!

ఆ రోజు చర్చి బయట ముందు బ్యాగ్‌పైపులు మోగాయి. తోలు తిత్తిలోకి గాలి ఊది, చంకలో నొక్కుతూ వాయించే ఆ వాద్యానికి నాలుగు వీధుల అవతలికి వినిపించే గొంతు. మన నాదస్వరం లాగే, నాలుగ్గోడల మధ్య కన్నా ఆరుబయట వింటేనే అందం. ఆ వెనక డోళ్లు, ఆ వెనక క్లాన్ల జెండాలు పట్టుకున్న ఆడా మగా లోపలికి నడిచారు. ప్రార్థన, ప్రసంగం అయ్యాక ఒక్కో క్లాన్ పేరూ చదివారు. పేరు వినగానే ఆ ఇంటివాళ్లు లేచి తమ బట్ట పైకెత్తారు. కిల్ట్ ఉన్నవాళ్లు కిల్ట్ అంచు పట్టుకున్నారు. శాలువా, టై, చివరికి జేబురుమాలు... ఏది ఉంటే అది. పాస్టరుగారు అన్నిటినీ కలిపి ఆశీర్వదించారు.

మా పక్కింటావిడ ఎత్తిన శాలువా ఆమె అత్తింటిది కాదు, పుట్టింటిది కూడా కాదు. వాళ్లమ్మ పుట్టింటిదట! ‘మా ఆయన ఇంటిపేరు యాభై ఏళ్లు మోశాను. ఈ ఒక్కపూటా మా అమ్మది మోస్తాను’ అంది నవ్వుతూ. నా మనసులో ఆ మాట అలాగే ఉండిపోయింది.

నిషేధం మగవాళ్లకే

ఈ బట్ట మీద ఇంత మమకారం ఎందుకు? దానికో కథ ఉంది. 1746 ఏప్రిల్ 16న స్కాట్లాండ్ ఉత్తరాన కల్లోడెన్ మైదానంలో యుద్ధం జరిగింది. పోయిన సింహాసనం కోసం వచ్చిన స్టువార్ట్ రాకుమారుడు చార్లెస్ పక్షాన చాలామంది కొండప్రాంతపు క్లాన్లవాళ్లు నిలబడ్డారు. గంటలోపే ఓడిపోయారు. ఆ రాకుమారుడు ప్రాణాలతో బయటపడటానికి ఒక కారణం ఫ్లోరా మెక్‌డోనాల్డ్ అనే యువతి. అతనికి ఆడవేషం వేసి, తన పనిమనిషినని చెప్పించి, పడవలో దాటించింది. ఆ ఫ్లోరాయే తర్వాత 1774లో భర్తతో కలిసి నార్త్ కరోలినాకు వలస వచ్చి, కొన్నేళ్లు అక్కడే కాపురం చేసింది.

యుద్ధం అయ్యాక ప్రభుత్వం కొండప్రజల నడ్డి విరిచే చట్టాలు చేసింది. అందులో ఒకటి బట్టల మీద! 1747 ఆగస్టు నుంచి కిల్ట్, టార్టాన్ లాంటి కొండప్రాంతపు దుస్తులు వేసుకోకూడదు. మొదటిసారి దొరికితే ఆరు నెలల జైలు. రెండోసారి దొరికితే ఏడేళ్ల ద్వీపాంతరం. 1782లో గానీ ఆ నిషేధం ఎత్తెయ్యలేదు. సైన్యంలో చేరినవాళ్లకు మాత్రం మినహాయింపు. తమ తరఫున చావడానికి వస్తే మాత్రం కిల్ట్ కట్టుకోవచ్చన్నమాట!

ఇక్కడే మనం గమనించాల్సిన సంగతి ఉంది. చట్టంలో ఉన్నది ‘మగవాడుగానీ మగపిల్లవాడుగానీ’ అని. ఆడవాళ్ల ఊసే లేదు. ఆడవాళ్ల బట్ట వల్ల రాజ్యానికి ప్రమాదం ఏముంటుందనుకున్నారో ఏమో! కానీ ఆ బట్ట పుట్టేదే ఆడవాళ్ల చేతుల్లో. ఉన్ని ఏకడం, వడకడం, బండల మీద పెరిగే పాచి నుంచీ మొక్కల నుంచీ రంగులు తీసి అద్దడం వాళ్ల పనే. మగ్గం మీంచి దిగిన బట్టను నిలవబెట్టిన మూత్రంలో తడిపి, బల్ల చుట్టూ కూచుని, బాది బాది చిక్కబరిచేదీ వాళ్లే. ఒకామె పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకునేవారు. మన దంపుడు పాటలే! ఆ పాటలు ఇప్పటికీ రికార్డుల్లో వినొచ్చు.

నిజమెంత?

నిషేధం రోజుల్లో కొండవాళ్లు టార్టాన్ ముక్కల్ని బట్టల చాటున దాచుకుని చర్చికి వెళ్లేవారనీ, దీవెన ఇచ్చే వేళ రహస్యంగా ఆ ముక్కను తాకేవారనీ ఒక కథ చెబుతారు. వింటుంటే కళ్లు చెమరుస్తాయి. కానీ చరిత్రకారులకు దానికి ఆధారాలేమీ దొరకలేదు.

ఈ ఆరాధనకు దొరికే పుట్టుక 1941లో, అదీ స్కాట్లాండ్‌లో కాదు, అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో! అబ్రహాం లింకన్ ప్రార్థనకు వెళ్లిన న్యూయార్క్ అవెన్యూ ప్రెస్బిటేరియన్ చర్చిలో అప్పుడు పాస్టరు పీటర్ మార్షల్. స్కాట్లాండ్‌లోని కోట్‌బ్రిడ్జ్‌లో పుట్టి, 1927లో బతుకుతెరువు కోసం అమెరికా వచ్చినవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ మీద బాంబులు పడుతున్న రోజులవి. పుట్టిన దేశానికి సాయం కూడగట్టాలని స్కాట్ మూలాలున్న వాళ్లందర్నీ ఈ ఆరాధనకు పిలిచాడు. తర్వాత ఆయన అమెరికా సెనేట్‌కు చాప్లిన్ అయ్యాడు. 1949లో 46 ఏళ్లకే గుండెపోటుతో పోయాడు. చిన్న కొడుకుతో మిగిలిన భార్య కేథరిన్ మార్షల్ కలం పట్టింది. 1951లో భర్త జీవితకథ ‘ఎ మ్యాన్ కాల్డ్ పీటర్’ రాసింది. 1955లో అది సినిమాగా కూడా వచ్చింది. ఆ తర్వాత నవలా రచయిత్రిగానూ నిలబడింది.

ఇంకో చిత్రం చూడండి. ప్రెస్బిటేరియన్ అంటే బిషప్పులు లేకుండా, సంఘంలో ఎన్నుకున్న పెద్దలే నడిపించే చర్చి. 1560లో స్కాట్లాండ్‌లో జాన్ నాక్స్ లాంటివాళ్లు దీనికి పునాది వేశారు. మన సి.ఎస్.ఐ.లో 1947లో కలిసిన శాఖల్లో ఇదీ ఒకటి. ఆడంబరాలు కిట్టని శాఖ. 1860ల దాకా స్కాట్లాండ్ చర్చిల్లో ఆర్గన్ వాయించడానికే ఒప్పుకోలేదు. పైగా కల్లోడెన్ రోజుల్లో ఆ చర్చి మొగ్గింది ప్రభుత్వం వైపే. ఆ శాఖ గుడిలోనే ఈనాడు బ్యాగ్‌పైపు మోగుతోంది, ఓడినవాళ్ల బట్టకు దీవెన అందుతోంది. కాలం ఎంత తమాషా చేస్తుందో!

ఇంటింటికో గళ్ల వరస అనేది కూడా చాలావరకు పందొమ్మిదో శతాబ్దపు ముచ్చటే. 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరో వచ్చినప్పుడు రచయిత వాల్టర్ స్కాట్ ఊరంతా టార్టాన్ కట్టించాడు. రాజుగారూ కిల్ట్ వేశారు. అప్పట్నుంచి గిరాకీ పెరిగి, మిల్లులు ఏ క్లాన్‌కు ఏ వరసో పేర్లు పెట్టి అమ్మాయి.

మరి కథ కల్పితం, ఆచారం కొత్తది అయితే దానికి విలువ లేదా? నాకలా అనిపించలేదు. మన ఇళ్లల్లో ‘అనాదిగా వస్తోంది’ అని చేసే పనుల్లో ఎన్ని బామ్మగారి రోజుల్లో మొదలైనవో లెక్కతీస్తే తెలుస్తుంది. ఆచారం వయసు కన్నా, అది మనచేత ఏం చేయిస్తోందన్నదే చూడాలి. ఇది దేశం వదిలిన మనవల్ని ఏడాదికోసారి ముత్తవ్వల పేర్లు తలచుకునేలా చేస్తోంది.

వంశమా? కులమా?

ఇంత చెప్పాక ఇంకో మాట చెప్పకపోతే తప్పవుతుంది. బెంచీ మీద కూచుని వాళ్ల వంశాల పిలుపు వింటుంటే నాకు మా ఊరి కార్తీకమాసం గుర్తొచ్చింది. ఉసిరిచెట్టు కింద ఊరంతా కలిసి తినాల్సిన వనభోజనాలకు ఇప్పుడు కులానికో తోట, కులానికో బ్యానరు! ‘మనవాళ్లు’ అని మురుసుకోవడం ఎప్పుడు ‘వాళ్లు మనవాళ్లు కారు’ అయిపోతుందో తెలీదు.

క్లాన్‌లోనూ మరకలున్నాయి. అందరూ ఒక రక్తం వాళ్లేం కాదు, నాయకుడి నీడన చేరి ఆయన పేరు పెట్టుకున్న పేదలు బోలెడుమంది. కులంలా కాక, పుట్టుక లేకుండానే చేరొచ్చు. అది దాని మంచి. కానీ ‘పిల్లలు’ అని పిలిచిన ఆ జనాన్నే తర్వాతి తరాల్లో కొందరు నాయకులు గొర్రెల మేత కోసం ఇళ్లల్లోంచి వెళ్లగొట్టారు. సముద్రాలు దాటినవాళ్లలో వీళ్లు చాలామంది. అలా అమెరికా దక్షిణ రాష్ట్రాలకు వచ్చిన స్కాట్‌లలో బానిసల్ని కొని పొలాల్లో పని చేయించుకున్నవాళ్లూ ఉన్నారు. అక్కడి నల్లజాతి వాళ్లలో ఇన్ని స్కాటిష్ ఇంటిపేర్లు ఉండటానికి ఒక కారణం అదే. దీవెన కోసం ఎత్తిన బట్టలో ఆ నూలుపోగులు కూడా ఉన్నాయి. ఎత్తేటప్పుడు అవీ కనిపించాలి.

నాకు నచ్చింది చివర్లో జరిగింది. ఏ క్లాన్‌కూ చెందనివాళ్లను కూడా నిలబడమన్నారు. ఆఫ్రికా, కొరియా మూలాల వాళ్లు లేచారు. మా పాప నా చెయ్యి లాగి లేచింది. ఇప్పుడు టార్టాన్ల పట్టికలో స్కాట్లాండ్ సిక్కుల గళ్లు కూడా ఉన్నాయి. ఎవరైనా కొత్త వరస గీసుకుని, 2009లో మొదలైన ప్రభుత్వ రిజిస్టరులో రాయించుకోవచ్చు. వారసత్వం అంటే గోడ కాదు, గుమ్మం అనిపించింది.

మన గళ్ల మాటేమిటి?

‘పెద్దమ్మా, మన టార్టాన్ ఏది?’ అని అడిగింది పాప దారిలో. నవ్వుకుని ఊరుకోబోయాను గానీ, ప్రశ్న ఊరుకోనివ్వలేదు. ఒకప్పుడు చీరాల మగ్గాల మీద నేసిన గళ్ల రుమాళ్లు ఆఫ్రికా దాకా వెళ్లాయని చెప్పాను. మా నాన్న లుంగీ గళ్లు, మా అమ్మమ్మ నేత చీర అంచు ఎలా ఉండేవో కాగితం మీద గీసి చూపించాను. అమ్మమ్మ పుట్టింటి పేరు చెప్పాను. వాళ్లమ్మ ఇంటిపేరు అడిగింది. నాకు తెలీదు. అమ్మకు ఫోన్ చేశాం. అమ్మకూ తెలీదు.

మగవాళ్ల వంశం ఏడు తరాలు గోత్రంతో సహా అప్పజెబుతాం. మనల్ని కన్న ఆడవాళ్ల పేర్లు మూడో తరానికే చెరిగిపోతాయి. అవి ఏ పురోహితుడూ అడగడు, ఏ దస్తావేజులోనూ ఉండవు.

మన ఊళ్ల కథలు మనకు మిగలడానికి కూడా ఒక స్కాట్ కారణం. కాలిన్ మెకంజీ 1754లో లూయిస్ దీవిలో పుట్టాడు. అతని బాల్యమంతా ఆ బట్టల నిషేధం రోజుల్లోనే గడిచింది. 1783లో మన దేశం వచ్చి, ఏలూరుకు చెందిన కావలి సోదరుల సాయంతో ఊరూరా కరణాలనూ పెద్దలనూ అడిగి కైఫీయతులు రాయించాడు. అవి లేకపోతే ఎన్నో తెలుగు పల్లెల గతం మనకు తెలిసేదే కాదు.

ఊళ్లకు కైఫీయతులున్నాయి. మరి మన తల్లులకు? ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే ఒక నోటు పుస్తకం తీద్దాం. అమ్మ, అమ్మమ్మ, ఆమె తల్లి... పేరు, పుట్టిన ఊరు, పుట్టింటి పేరు, ఇష్టంగా కట్టుకున్న చీర. నాలుగు మాటలు చాలు. దీవెన సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు పేరు పిలవాలి కదా! ఏమంటారు?