ఖాళీ యున్నను చోటు చాలదు

పది ఎకరముల భూమి గల రైతునకు ఆ పదియు ఒక్కచోటనే యున్నచో సేద్యము సులభము. అదే భూమి ఊరికి నాలుగు దిక్కుల ఇరువది ముక్కలుగా నున్నచో ట్రాక్టరు మళ్ళుటకైనను వీలుండదు. కాగితములలో మాత్రము పది ఎకరములే కనబడును. కంప్యూటరు మెమరీకి గూడ ఇట్టి చిక్కే కలదు.

మెమరీని పంచి యిచ్చు పని ఆపరేటింగు సిస్టముది. అది మెమరీని సాధారణముగా 4096 బైట్ల ముక్కలుగా లెక్క చూచుకొనును. ఒక్కొక్క ముక్కకు పేజీ అని పేరు. ప్రోగ్రాములకు పేజీలు చెదరి యున్నను బాధ లేదు. ఏ పేజీ ఎచ్చట నున్నదో తెలుపు పట్టిక ఒకటి వాటిని వరుసగా నున్నట్లే చూపును. అయితే ప్రాసెసరు ఆ పట్టికలోని కొన్ని పద్దులనే చేతికి అందుబాటులో ఉంచుకొనగలదు. తక్కినవానికై మాటిమాటికి పట్టికను తిరుగవేయుట కాలహరణము. కావున వరుసగా నున్న 512 పేజీలను కలిపి 2 మెగాబైట్ల పెద్ద పేజీగా నిచ్చినచో ఒక్క పద్దుతోనే పని తీరి వేగము హెచ్చును. కొన్ని పరికరములకు గూడ ఎడతెగని చోటే కావలెను.

ఈ చిక్కు ఎంత దూరము పోగలదో లెక్కవేసి చూడుడు. 4 గిగాబైట్ల మెమరీలో 2 మెగాబైట్ల గడులు 2048 ఉండును. గడికొక్క పేజీ చొప్పున వాడుకలో నున్నదనుకొందము. మొత్తము వాడుక 8 మెగాబైట్లు మాత్రమే, నూటికి 99.8 వంతులకు పైగా ఖాళీ. అయినను పెద్ద పేజీ ఒక్కటియు దొరకదు!

ఖాళీలను మరల అతుకు ఉపాయము పాతదే. దానిని బడ్డీ పద్ధతి, అనగా జంట పద్ధతి, అందురు. కెన్నెత్ నోల్టన్ 1965లో ప్రకటించెను. అంతకుముందే, 1963లో, హారీ మార్కోవిట్జ్ దీనిని వాడెను. 1990లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమతి పొందినది ఈయనయే. ఇందు ముక్కలు 1, 2, 4, 8 పేజీలు, ఇట్లు రెట్టింపులుగా నుండును. పెద్ద ముక్కను రెండు చేయగా వచ్చిన సగములు జంట. రెండును ఖాళీయైనప్పుడు అవి కలిసి మరల పెద్దదగును. జంటను వెదుక నక్కరలేదు. 8వ పేజీతో మొదలగు నాలుగు పేజీల ముక్కకు జంట 12వ పేజీతో మొదలగును. ద్విసంఖ్యామానమున 1000, 1100. ఒక్క అంకె మార్చినచో చాలును. కాని 1, 2 సంఖ్యల పేజీలు పొరుగువే గాని జంట కావు. జంటలో ఒకటి వాడుకలో నున్నంతకాలము రెండవది ఒంటరియే. కావున పై లెక్కలోని చిక్కు దీనితో తీరలేదు.

లినక్స్ సిస్టములో ఇందులకై మెల్ గోర్మన్ చేసిన మార్పులు 2008 జనవరిలో వెలువడిన 2.6.24 కూర్పున చేరినవి. పేజీలన్నియు ఒక్క స్వభావము గలవి కావు. ప్రోగ్రాము పేజీని వేరొకచోటికి నకలు చేసి, పట్టికలో చిరునామా మార్చినచో ప్రోగ్రామునకు తెలియనే తెలియదు. ఇవి కదల్చదగినవి. సిస్టము తన సొంతమునకు వాడుకొను పేజీలు పెక్కు కదలవు. వాటి చిరునామాలు పలుచోట్ల నేరుగా వ్రాయబడి యుండును. మూడవ రకము, కదలకున్నను అవసరమైనప్పుడు వదలించుకొన దగినవి. ప్రతి గడికిని ఒక రకమును కేటాయించి, వీలైనంతవరకు ఆ రకమునే అందుంచుట ఈ మార్పుల సారము.

ఒక రకమునకు చోటు చాలనప్పుడు ఇంకొక రకపు గడినుండి అరువు తేవలసి వచ్చును. అప్పుడు చిన్న ముక్కతో సరిపెట్టుకొనుటే మర్యాదగా తోచును. లినక్స్ అట్లు చేయదు. దొరికినవానిలో అతి పెద్ద ముక్కనే తీసికొనును. దురాశవలె కనబడినను ఇదియే మేలు. తరువాత రాబోవు కదలని పేజీలు గూడ అందే ఇముడును. మరి పది గడులు చెడవు.

2010లో వచ్చిన 2.6.35 కూర్పున సర్దుబాటు గూడ చేరినది. ఒక చూపు అడుగునుండి పైకి పోవుచు కదల్చదగిన పేజీలను ఏరును. మరియొకటి పైనుండి దిగుచు ఖాళీలను ఏరును. ఆ పేజీలను ఈ ఖాళీలలోనికి నకలు చేయగా, రెండు చూపులు కలిసినచోట పని ఆగును. నకలుకు కాలము ఖర్చగును, అది తప్పదు. పై లెక్కలోని 2048 పేజీలు కదలనివే యైనచో ఎంత సర్దినను ఒక్క గడియు ఖాళీ కాదు. కదలునవే యైనచో అవన్నియు నాలుగు గడులలో ఇమిడిపోవును.