గెలాక్సీల గుంపు బరువెంత?

కోమా గెలాక్సీ గుచ్ఛం మనకు సుమారు 32 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అందులో వెయ్యికి పైగా గెలాక్సీలున్నాయి. 1933లో ఖగోళ శాస్త్రవేత్త ఫ్రిట్జ్ జ్విక్కీ వాటి వేగాలు లెక్కగట్టాడు. సెకనుకు వెయ్యి కిలోమీటర్లు! కంటికి కనిపించే నక్షత్రాల బరువే అసలు బరువైతే ఆ వేగానికి గుంపు ఏనాడో చెల్లాచెదురైపోవాలి. కాలేదంటే కనిపించనిదేదో దాన్ని పట్టి ఉంచుతోందన్నమాట. కృష్ణ పదార్థం అన్నాడాయన. నోటిదురుసు మనిషిగా పేరుపడ్డందుకో ఏమో, దశాబ్దాలపాటు ఆ మాటను పట్టించుకున్నవాళ్లు తక్కువ.

కనిపించనిదాంట్లో కొంత తర్వాత కనిపించింది. 1970లో ఎగిరిన ఉహురు ఉపగ్రహానికి ఈ గుచ్ఛాలు ఎక్స్ కిరణాల్లో వెలుగుతూ దొరికాయి. గెలాక్సీల మధ్య ఖాళీ అనుకున్న చోటంతా కోట్ల డిగ్రీల వేడి వాయువే. అక్కడి నక్షత్రాలన్నీ కలిపినా దాని బరువుకు చాలవు. అవీ ఇదీ కలిపినా మొత్తంలో దాదాపు ఆరోవంతే. మిగతాదంతా జ్విక్కీ చెప్పిన సరుకు.

ఇంత బరువు తూచి ఏం చేసుకుంటారు? భారీ గుచ్ఛాలు ఎన్నున్నాయో తెలిస్తే, విశ్వంలో పదార్థమెంత, అదెంతగా ముద్దకట్టింది అన్నవి తేలతాయి. బరువు తప్పితే ఆ లెక్క మొత్తం తప్పుతుంది.

వాయువు ఒత్తిడికీ గురుత్వాకర్షణకీ సరిగ్గా సరిపోయిందనుకుని, వాయువు వేడినీ చిక్కదనాన్నీ బట్టి బరువు కట్టడం పాత పద్ధతి. చిక్కల్లా ఆ ‘అనుకుని’ దగ్గరే. గుచ్ఛాలు పక్కవాటిని మింగుతూ పెరుగుతాయి. లోపలి వాయువు కుదురుగా ఉంటుందన్న హామీ లేదు. పోనీ, తూకం సరిచూద్దామంటే ఆకాశంలో ఏ గుచ్ఛం అసలు బరువూ ఎవరికీ తెలియదు.

కంప్యూటర్లో మనం కట్టిన గుచ్ఛానికి మాత్రం తెలుస్తుంది. 1970లో శాస్త్రవేత్త జిమ్ పీబుల్స్ 300 చుక్కలతో కోమా లాంటి గుచ్ఛాన్ని కట్టి చూశాడు. 2005 నాటి మిలీనియం సిమ్యులేషన్‌లో చుక్కలు వెయ్యి కోట్లు దాటాయి. ఆపైన వాయువు, నక్షత్రాలు, కృష్ణబిలాలు చేరాయి. టీఎన్‌జీ-క్లస్టర్ అనే ప్రాజెక్టులో 352 భారీ గుచ్ఛాలు పుట్టాయి. పరిశోధకులు వీటికి దొంగ ఎక్స్ కిరణ ఫొటోలు తీసి, జవాబు తెలియనట్టే తూచి, ఆ తర్వాత అసలు బరువుతో పోలుస్తారు. తూకం సాధారణంగా పది ఇరవై శాతం తక్కువ వస్తోంది. సిమ్యులేషన్ల అసలు ప్రయోజనం, నా దృష్టిలో, ఆ రంగురంగుల వీడియోలు కాదు, ఇదే.

ప్లాంక్ ఉపగ్రహం లెక్కించిన గుచ్ఛాలు, విశ్వపు తొలినాటి వెలుగును బట్టి ఉండాల్సినన్ని లేవు. రెండూ కలవాలంటే తూకం నలభై శాతం తక్కువ చూపుతుండాలి. సిమ్యులేషన్లు అంత దూరం రాలేదు. 2024లో ఈరోసిటా టెలిస్కోపు బృందం 5,259 గుచ్ఛాల లెక్కలో తూకాన్ని వేరే దారిలో సరిచూసుకుంది. గుచ్ఛం బరువుకు వెనకున్న గెలాక్సీల కాంతి ఎంత వంగుతోందో చూసింది. దీనికి వాయువుతో పనిలేదు. ఆ లెక్క తొలినాటి వెలుగుతో కలిసింది. అయితే పొడవాటి గుచ్ఛం కొన మనవైపుంటే ఎక్కువ బరువు తూగుతుంది. ఆ పొరపాటు దిద్దడానికి మళ్లీ సిమ్యులేషనే కావాలి.

ఇప్పుడు తప్పుపట్టే వంతు ఆకాశానిది. 2016లో జపాన్ ఉపగ్రహం హిటోమి, కొన్ని వారాలకే చేజారిపోయేలోపు, పర్సియస్ గుచ్ఛం నడిబొడ్డున వాయువు ఆశ్చర్యంగా నెమ్మదిగా ఉందని చూపింది. 2023లో ఎగిరిన క్రిజమ్ ఉపగ్రహం మరికొన్ని గుచ్ఛాల్లోనూ సిమ్యులేషన్లు చెప్పినంత అలజడి లేదంటోంది. కృష్ణబిలాలు వాయువును ఎంత బలంగా వెలుపలికి తోసి అలజడి రేపుతాయన్నదాన్ని ప్రోగ్రాముల్లో ఎక్కువగా లెక్కవేశారేమోనన్న అనుమానం ఇప్పుడు పరిశోధకుల్లో మొదలైంది.