కూన కడుపు పాడైతే: కొన్ని అపోహలు, వాస్తవాలు

రెండు నెలల కుక్కపిల్ల తిండి గిన్నె ముట్టకపోతే చుట్టుపక్కల వాళ్లు తలా ఒక సలహా ఇస్తారు. వాటిలో కొన్ని పెద్ద కుక్కలకు పనికొచ్చేవే. కూనల విషయంలో అవే ప్రాణం మీదికి తెస్తాయి.

అపోహ: ఒకరోజు పస్తు పెడితే కడుపు దానంతటదే సర్దుకుంటుంది.

ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క ఒకరోజు తినకపోయినా తట్టుకుంటుంది. కూన ఒంట్లో అంత నిల్వ ఉండదు. పొమరేనియన్, చివావా లాంటి చిన్న జాతుల్లో కొన్ని గంటలు కడుపు ఖాళీగా ఉంటే చాలు, రక్తంలో చక్కెర పడిపోతుంది. పిల్ల తూలుతుంది, వణుకుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. అలాంటప్పుడు చిగుళ్ల మీద కాస్త తేనె గానీ గ్లూకోజు గానీ రాసి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

వాంతులు, విరేచనాలు కూడా ఉంటే ఒంట్లో నీరు చాలా వేగంగా తగ్గిపోతుంది. చిగుళ్లు తాకి చూడండి. గులాబీ రంగులో తడిగా ఉండాల్సినవి పాలిపోయినా, జిగటగా తగిలినా అదే గుర్తు. రెండు పూటలు తినకపోయినా, ఒక్క పూటే మానేసి నీరసంగా పడుకున్నా ఆ రోజే చూపించాలి.

అపోహ: కాసిని పాలు పోస్తే చల్లబడుతుంది.

కుక్క పాలలో కన్నా ఆవు పాలలో లాక్టోజ్ ఎక్కువ. తల్లిపాలు మానాక దాన్ని అరిగించుకునే శక్తి తగ్గుతుంది కాబట్టి విరేచనాలు ఇంకా పెరుగుతాయి. పెరుగన్నం కొన్నిటికి సరిపడుతుంది గానీ తాలింపు వేసింది పెట్టకూడదు. ఉల్లి, వెల్లుల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఎముకల్లేని ఉడికించిన కోడిమాంసం, మెత్తటి అన్నం, ఉప్పు లేకుండా, కొంచెం కొంచెంగా నాలుగైదు సార్లు పెట్టడం మేలు. వాంతులు చేసుకుంటున్న పిల్ల నోట్లో సిరంజితో బలవంతంగా పోయకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది.

అపోహ: రక్త విరేచనాలైతేనే పార్వో.

ఎక్కువ ప్రాణాలు తీసేది ఈ నమ్మకమే. 1978లో ప్రపంచమంతా పాకిన ఈ వైరస్ పేగుల లోపలి పొరనూ, ఎముక మజ్జనూ దెబ్బతీస్తుంది. మొదట కనిపించేది రక్తం కాదు. పిల్ల మందకొడిగా ఉంటుంది, తిండి మానేస్తుంది, జ్వరం, వాంతులు వస్తాయి. రక్తం ఆ తర్వాతే, కొన్నిటిలో అసలు కనబడదు. రక్తం కోసం ఎదురుచూస్తే సెలైన్ ఎక్కించాల్సిన విలువైన సమయం పోతుంది. సకాలంలో చికిత్స మొదలైతే చాలా పిల్లలు బతుకుతాయి.

‘టీకా వేయించాం కదా’ అంటారు. ఒక్క డోసు చాలదు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు ఒంట్లో ఉన్నంతకాలం టీకాను పనిచేయనివ్వవు, అవి ఎప్పుడు తగ్గుతాయో ఒక్కో పిల్లకు ఒక్కోలా ఉంటుంది. అందుకే 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి, 2 నుంచి 4 వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా వేయించాలి. నాటు పిల్లలకు రాదన్న మాటా తప్పే. వీధిలో ఒకే ఈత కూనలు వరసగా చనిపోవడం వెనక తరచూ ఉండేది పార్వోనే.

ఫినాయిల్‌తో కడిగితే ఈ వైరస్ పోదు, నెలల తరబడి నేల మీద బతికే ఉంటుంది. ముందు శుభ్రంగా కడిగి, ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి 30 వంతుల నీళ్లు కలిపి పోసి, పది నిమిషాలు వదిలేయాలి. మనుషులకు మాత్రం ఇది సోకదు.

అపోహ: పురుగులు కనబడలేదు కాబట్టి నట్టల మందు అక్కర్లేదు.

నట్టలు తల్లి కడుపులో ఉండగానే, ఆ తర్వాత పాల ద్వారా కూనకు చేరతాయి. వాటి గుడ్లు కంటికి కనబడవు. రెండు వారాల వయసు నుంచి 8 వారాల దాకా రెండు వారాలకోసారి, తర్వాత ఆరు నెలల దాకా నెలకోసారి బరువును బట్టి మందు వేయాలి. ఇవి ఇంట్లో పిల్లలకూ సోకుతాయి కనుక చేతులు కడిగించడం మరవద్దు.

పళ్లొచ్చేటప్పుడు తిండి కాస్త తగ్గొచ్చు గానీ వాంతులు రావు. పారాసిటమాల్, ఐబూప్రోఫెన్, విరేచనాలు ఆపే మన మాత్రలు ఏవీ సొంతంగా వేయకండి.

బయల్దేరే ముందు డాక్టరుకు ఫోన్ చేయండి. ఎన్నిసార్లు వాంతి చేసుకుంది, ఏ టీకాలు పడ్డాయి, ఇంట్లో సాక్సో మామిడి టెంకో మాయమైందా అన్నది చెప్పండి. పార్వో అనుమానముంటే ఆ మాట ముందే చెప్పి, పిలిచేదాకా కూనను బండిలోనే ఉంచండి. లోపల టీకా కోసం వచ్చిన కూనలు ఉంటాయి.