వారి జీతం చట్టంలో... మన భృతి మేనిఫెస్టోలో!

2018 డిసెంబరులో తెలంగాణ శాసనసభ ఎన్నికలు జరిగినప్పుడు మేము ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాం. ఒకరోజు రాత్రి అన్నం తిని, ప్లేట్లు కడుక్కుని వచ్చేసరికి వరండాలో డిగ్రీ అన్నలు పేపరు ముందేసుకుని లెక్కలు వేస్తున్నారు. నిరుద్యోగులకు నెలకు 3,016 రూపాయల భృతి ఇస్తామని టీఆర్ఎస్ మేనిఫెస్టోలో ప్రకటించింది. "గది కిరాయి ఎల్తది, పుస్తకాలొస్తయి, ఇంటికాడ నాయిన్ను అడిగే పనుండది" అన్నాడు ఒక అన్న. అప్పట్లో కాలేజీ హాస్టల్లో ఒక్కొక్కరి తిండికి ప్రభుత్వం ఇచ్చేది నెలకు 1,500, అంటే రోజుకు 50 రూపాయలు. అలాంటి మాకు 3,016 అంటే చిన్న సంగతి కాదు.

ఐదేళ్ళకు అరవై నెలలు. ఆ లెక్కన ఆ అన్నకు 1,80,960 రూపాయలు రావాలి. ఒక్క రూపాయి కూడా రాలేదు. ఆయన ఇప్పుడు ఒక సిమెంటు దుకాణంలో పద్దులు రాస్తున్నాడు. మొన్న కలిసినప్పుడు అడిగితే, "ఆ లెక్క రాసిన కాయితం ఏడనో పోయింది తమ్మీ" అని నవ్వాడు. మాకు నవ్వు రాలేదు.

ఏ ఒక్క పార్టీనో తిట్టడానికి ఈ వ్యాసం రాయడం లేదు. భృతి అనేది ఎందుకు మాటగానే మిగిలిపోతోంది, నాయకుల జీతభత్యాలు మాత్రం ఎందుకు ఆగవు అన్నది మన హాస్టల్ మిత్రులకు వివరంగా చెప్పాలన్నదే మా ప్రయత్నం.

ప్రభుత్వం నుంచి మనకు రావలసిన ఏ డబ్బుకైనా నాలుగు మెట్లు ఉంటాయి. మొదటిది మాట. రెండోది బడ్జెట్‌లో పద్దు. మూడోది పథకం. నాలుగోది చట్టం. ఒక్కో మెట్టు మీద ఏం జరుగుతుందో చూద్దాం.

మాట అంటే మేనిఫెస్టో. అందులో రాసింది చేయకపోతే కోర్టుకు వెళ్ళవచ్చు కదా అని మనలో చాలామంది అనుకుంటారు. కుదరదు. మేనిఫెస్టోలో ఇచ్చే హామీలు ప్రజా ప్రాతినిధ్య చట్టం ప్రకారం అవినీతి చర్య కిందికి రావని సుప్రీంకోర్టు 2013లో ఒక తమిళనాడు కేసులో చెప్పింది. మేనిఫెస్టోల మీద నియమాలు రూపొందించమని ఎన్నికల సంఘానికి సూచించింది. హామీలకు డబ్బు ఎక్కడి నుంచి తెస్తారో స్థూలంగా చెప్పాలని ఆ తర్వాత ఎన్నికల ప్రవర్తనా నియమావళిలో చేర్చారు. చెప్పాలన్నారు గానీ, చేయకపోతే శిక్ష ఏమిటో అందులో లేదు.

రెండో మెట్టు బడ్జెట్. 2019 ఫిబ్రవరిలో పెట్టిన తెలంగాణ బడ్జెట్‌లో నిరుద్యోగ భృతికి 1,810 కోట్లు చూపించారు. అంకె చూసి మా వరండాలో మళ్ళీ ఆశ పుట్టింది. కానీ బడ్జెట్‌లో చూపించడం వేరు, ఖర్చు పెట్టడం వేరు. మార్గదర్శకాలు తయారవుతున్నాయన్న మాటతోనే కాలం గడిచింది. 2023 మే 8న హైదరాబాద్ సరూర్‌నగర్ సభలో కాంగ్రెస్ పార్టీ యువ డిక్లరేషన్ ప్రకటించి, ఈసారి నెలకు 4,000 అన్నది. ఆ డిసెంబరులో అధికారంలోకి వచ్చింది. 2024 గడిచింది, 2025 కూడా గడిచింది. నెలకు 4,000 ఎవరి ఖాతాలోనూ పడలేదు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్న సామెత మన పెద్దలు ఊరికే అనలేదు!

మూడో మెట్టు పథకం. దీనికి పక్క రాష్ట్రం ఉదాహరణ. ఆంధ్రప్రదేశ్‌లో 2014 ఎన్నికల్లో తెలుగుదేశం పార్టీ భృతి హామీ ఇచ్చింది. నాలుగేళ్ళ తర్వాత, 2018 అక్టోబరు 2న, 'ముఖ్యమంత్రి యువనేస్తం' పేరుతో 22 నుంచి 35 ఏళ్ళ వారికి నెలకు 1,000 రూపాయలు మొదలుపెట్టింది. ఎన్నికల ముందు దాన్ని 2,000 చేసింది. 2019లో ప్రభుత్వం మారింది, పథకం ఆగిపోయింది. 2024 ఎన్నికల్లో నెలకు 3,000 అని హామీ మళ్ళీ వచ్చింది. పథకం అంటే అద్దె ఇల్లు లాంటిది. యజమాని మారితే ఖాళీ చేయమంటాడు.

ఇప్పుడు నాలుగో మెట్టు. అక్కడ ఎవరున్నారో చూడండి. ఎంపీలకు, ఎమ్మెల్యేలకు జీతాలు ఇవ్వాలని రాజ్యాంగంలోనే 106, 195 అధికరణలు ఉన్నాయి. వాటి కింద చట్టాలు ఉన్నాయి. 2016 మార్చిలో తెలంగాణ ఎమ్మెల్యేల జీతభత్యాలు నెలకు 95 వేల నుంచి 2.5 లక్షలకు పెరిగాయి. 2018లో ఎంపీల జీతం లక్ష రూపాయలు చేస్తూ, ఐదేళ్ళకోసారి ధరల పెరుగుదలను బట్టి అదే పెరిగేలా చట్టంలో రాసుకున్నారు. ఆ ప్రకారం 2025 మార్చిలో వారి జీతం 1.24 లక్షలు, మాజీ ఎంపీల కనీస పింఛను 31 వేలు అయ్యింది. అదీ 2023 ఏప్రిల్ నుంచి లెక్కగట్టి. వారికి జీతం ఉండకూడదని మేము అనడం లేదు. జీతం లేకపోతే డబ్బున్నవాడే చట్టసభకు వెళ్తాడు. మా ప్రశ్న ఒక్కటే. ధరలు వారికే పెరుగుతాయా? మన మెస్ ఛార్జీలు 1,500 నుంచి 2,100 కావడానికి 2024 దాకా ఆగాల్సి వచ్చింది. ఎన్ని ధర్నాలు, ఎన్ని వినతిపత్రాలు! వారి పెంపు మాత్రం ధర్నా అవసరం లేకుండానే జరుగుతుంది.

మరి మనకు రాజ్యాంగంలో ఏమీ లేదా? ఉంది. 41వ అధికరణ పని హక్కు గురించీ, నిరుద్యోగంలో ప్రభుత్వ సహాయం గురించీ చెబుతుంది. అయితే అది ఆదేశిక సూత్రాలలో ఉంది. ప్రభుత్వం తన ఆర్థిక శక్తి మేరకు చేయాలి, కోర్టు ద్వారా రాబట్టుకోలేం. బాబాసాహెబ్ అధ్యక్షతన ఉన్న కమిటీ ముసాయిదా రాసిన రాజ్యాంగం మనకు దారి చూపించింది. దానికి చట్టం చేయాల్సిన వాళ్ళు చేయలేదు.

ఒక్కసారి చేశారు. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టం అది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో దాన్ని ప్రారంభించారు. పని అడిగిన పదిహేను రోజుల్లో చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలని ఆ చట్టం ఏడో సెక్షన్‌లో రాశారు. మొదటి 30 రోజులు కూలిలో నాలుగో వంతు, ఆ తర్వాత సగం తగ్గకుండా ఇవ్వాలని అందులో ఉండేది.

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి. మా అమ్మ కరువు పనికి పోయేది. మేము డిగ్రీలో ఉండగా ఒక ఎండాకాలం నెల రోజులకు పైగా పని లేదు. రెండుసార్లు వెళ్ళి అడిగింది. "పని తెరిచినప్పుడు చెప్తంలే, పో" అన్నారు. కాగితం ఇవ్వలేదు, తీసుకోలేదు. పీజీలో చేరాక లైబ్రరీలో ఆ ఏడో సెక్షన్ చదివిన రోజు మాకు తల తిరిగినట్లయింది. అమ్మకు భృతి రావాలి. కానీ ఆమె పని అడిగినట్లు రుజువు ఏది? తేదీ వేసిన రసీదు ఇవ్వాలని ఆ చట్టంలోనే ఉండేది. ఎందుకు ఇచ్చేవారు కాదంటే, ఆ చట్టం కింద కూలీకి డబ్బు కేంద్రం ఇచ్చేది, నిరుద్యోగ భృతి మాత్రం రాష్ట్రం తన ఖజానా నుంచి కట్టాల్సి ఉండేది. రసీదు ఇస్తే బాకీ పడినట్టే. అందుకే చాలా చోట్ల పని తెరిచిన రోజునే కూలీలు పని అడిగినట్లు రాసుకునేవారు. అప్పుడు పదిహేను రోజులు ఎన్నటికీ దాటవు! వేదిక మీద హక్కు అని చెప్పి, ఆఫీసులో ఆ హక్కుకు కాగితం లేకుండా చేయడం. కపటత్వం అంటే ఇదే.

సెలవుల్లో ఇంటికి వెళ్ళి ఇదంతా చెబితే అమ్మ, "నాకు సదువొస్తే అడుగుతుంటి బిడ్డా" అంది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

"భృతి ఇస్తే పిల్లలు సోమరులవుతారు" అని కొందరు పెద్దలు అంటారు. 2022 అక్టోబరులో మా సీనియర్లు గ్రూప్-1 ప్రిలిమ్స్ రాశారు. పేపర్ లీక్ వల్ల 2023 మార్చిలో అది రద్దయింది. జూన్‌లో మళ్ళీ రాశారు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. ఆ నెలల కిరాయి ఎవరు కట్టాలి? అది సోమరితనం కాదు, ప్రభుత్వం చేసిన ఆలస్యానికి మనం కట్టిన వడ్డీ.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఎవరైనా భృతి ఇస్తామంటే చప్పట్లు కొట్టే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఎవరికి? ఏ తేదీ నుంచి? ఏ చట్టం కింద? ఇవ్వకపోతే జవాబుదారీ ఎవరు? జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఫీజు లేదు. చట్టాల పేర్లు మారుతుంటాయి, పార్టీలు మారుతుంటాయి. రసీదు అడిగే అలవాటు మాత్రం మనం మార్చుకోకూడదు.

మన ఇళ్ళలో మనమే మొదటి తరం చదువరులం. ఈ సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మ పెట్టెలో ఉన్న జాబ్ కార్డు, రేషన్ కార్డు, పింఛను కాగితం బయటికి తీసి, ఆమె పక్కన కూర్చుని ఒక్కసారి చదివి వినిపించండి. ఆమెకు ఏం రావాలో, ఏం రాలేదో అక్కడ తెలుస్తుంది.